‘క్షయ’ శబ్దం: అర్థవ్యాప్తి, పారిభాషిక వినియోగం – ఒక పరిశీలన

తెలుగు మాధ్యమంలో రసాయనశాస్త్రం చదివే విద్యార్థికి ఉన్నత పాఠశాల దాటేలోగా ఎదురయ్యే పారిభాషిక పదాల్లో ‘క్షయకరణం’ ఒకటి. దానికి జంటగా ‘ఆక్సీకరణం’ ఉంటుంది. ఈ జంటలో మొదటిది సంస్కృత పదం, రెండవది పరభాషా శబ్దానికి సంస్కృత ప్రత్యయం తొడిగిన మిశ్రరూపం. పరిభాషా కల్పనపై తెలుగులో జరిగిన చర్చ చాలావరకు రెండు వాదాల మధ్యే తిరిగింది. సంస్కృత పరిభాష విద్యార్థికి భారమని ఒక వాదం. సంస్కృత పదం తన అర్థాన్ని తానే చెప్పుకుంటుందని మరొక వాదం. రెండు పక్షాలూ పదాన్ని విడిగా నిలబెట్టి చూశాయి తప్ప, పాఠ్యపుస్తకంలోకి రాకముందు ఆ పదం తెలుగువారి మధ్య ఏయే పనులు చేస్తూ వచ్చిందో తగినంతగా గమనించలేదు. ‘తగ్గుదల’ అనే అర్థంలో గ్రాంథికంగా వాడే క్షయ శబ్దం పంచాంగంలో, వైద్యంలో, దార్శనిక పరిభాషలో, ఆధునిక రసాయనశాస్త్రంలో ఏ విధంగా వ్యవహరిస్తున్నదో పరిశీలించి, ‘క్షయకరణం’ అనే కల్పన ఎంతవరకు యుక్తమో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధాతువు, దేశ్య పదాలు

సంస్కృతంలో ‘క్షి’ రూపంలో ఒకటికంటె ఎక్కువ ధాతువులున్నాయి. భ్వాదిగణంలోని క్షి ధాతువుకు క్షీణించడం అర్థం. తుదాదిగణంలోని క్షి ధాతువుకు నివసించడం, గమించడం అర్థాలు. అందువల్ల ‘క్షయ’ శబ్దానికి నాశమనీ, నివాసమనీ రెండర్థాలు ఏర్పడ్డాయి. అమరకోశం నానార్థవర్గంలో నిలయం, అపచయం అనే రెండర్థాలూ ఇస్తుంది. నివాసార్థంలో ఈ పదం ఆద్యుదాత్తమవుతుందని పాణిని ప్రత్యేకంగా సూత్రించాడు (6.1.201). అంటే ఒకప్పుడు స్వరమే ఈ రెండర్థాలను వేరుచేసింది. ఉదాత్తానుదాత్తాలు లేని తెలుగులోకి వచ్చేసరికి ఆ భేదానికి ఆధారం పోయింది; నివాసార్థం నిఘంటువులకే పరిమితమైంది. ఇల్లు కూలి శిథిలార్థం ఒక్కటే మిగిలిందని చమత్కారంగా అనవచ్చు.

మిగిలిన అర్థాన్ని ‘తగ్గుదల’ అని ఒక్క మాటతో చెప్పి ఊరుకోవడం సరికాదు. తగ్గుదలను చెప్పడానికి తెలుగుకు తనవైన క్రియలు చాలినన్ని ఉన్నాయి. వాటి మధ్య పని విభజన కూడా స్పష్టంగా ఉంది. జ్వరం తగ్గుతుంది, ధర తగ్గుతుంది, వరద తగ్గుతుంది. తగ్గినది మళ్లీ పెరగవచ్చు. తగ్గడంలో ఒక ప్రమాణం నుంచి కిందికి రావడమే ఉంది, అంతమవడం లేదు. మనిషి తగ్గితే అది మర్యాద కూడా కావచ్చు. అరగడం వేరు. చెప్పులు అరుగుతాయి, గంధపు చెక్క అరుగుతుంది, తిన్నది అరుగుతుంది. అక్కడ మరొక వస్తువుతో రాపిడి ఉండాలి. ఇక తరగడం. కంసాలి బంగారం పని చేసినప్పుడు మజూరితోపాటు ‘తరుగు’ లెక్కకడతాడు. ధాన్యం అమ్ముకునే రైతుకు కాటా దగ్గర తూకంలోంచి తీసేసేది కూడా తరుగే. ఈ రెండు చోట్లా తరుగు అంటే పోయిన వస్తువు మాత్రమే కాదు, పోయినట్టుగా లెక్కలో రాసుకున్న వస్తువు. నిజంగా పోయినది ఎంత, రాసినది ఎంత అన్నదే రైతుకూ కొనుగోలుదారుకూ మధ్య ఎడతెగని తగాదా. గణకశాస్త్రంలో యంత్రాల విలువకు ఏటేటా రాసే ‘తరుగుదల’ కూడా ఇదే కుదురులోనిది. యంత్రం నిరుడు పనిచేసినట్టే ఈ ఏడూ పనిచేయవచ్చు. పుస్తకంలో దాని విలువ మాత్రం తరుగుతుంది.

క్షి ధాతువు నుంచి తెలుగులో ఏర్పడిన క్రియలు రెండు: క్షయించు, క్షీణించు. రెండవది నిష్ఠాంతమైన ‘క్షీణ’ శబ్దం నుంచి వచ్చింది. ఆరోగ్యం క్షీణించింది, శాంతిభద్రతలు క్షీణించాయి, రూపాయి విలువ క్షీణించింది అని పత్రికలు నిత్యం రాస్తాయి. ‘క్షయించు’ మాత్రం కావ్యభాషకూ వ్యాఖ్యానభాషకూ వెనుదిరిగింది. నామరూపంలో ఈ స్థితి తలకిందులైంది. ‘క్షీణత’ పత్రికా పదంగానే ఉండిపోగా, ‘క్షయం’ శాస్త్రాల్లోకి విస్తరించింది: దంతక్షయం, నేల క్రమక్షయం, క్షయవ్యాధి, క్షయకరణం. క్రియగా వాడుక తప్పిన పదం నామంగా పరిభాషకు పనికిరావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. వాడుకలో అరిగిపోని పదమే నిర్వచనానికి లొంగుతుంది.

పూర్తిగా పోవడం

దార్శనిక పరిభాషలో క్షయం అంటే కొంత తగ్గడం కాదు, శేషం లేకుండా పోవడం. జైనులు కర్మ విషయంలో ఉపశమాన్నీ క్షయాన్నీ స్పష్టంగా వేరుచేశారు. బురదనీటిలో బురద అడుగుకు చేరి పైనీరు తేరుకోవడం ఉపశమం. ఆ తేటనీటిని మరొక పాత్రలోకి వంచుకోవడం క్షయం అని వారి వ్యాఖ్యాతలు దృష్టాంతం చెప్పారు. మొదటిదానిలో పాత్ర కదిలితే బురద తిరిగి లేస్తుంది. రెండవదానిలో లేవడానికి బురదే లేదు. మోక్షాన్ని సమస్త కర్మల క్షయంగా తత్త్వార్థసూత్రం నిర్వచించడానికి కారణం ఇదే. బౌద్ధంలోని ఆస్రవక్షయం, మన నిత్యసంకల్పంలోని దురితక్షయం కూడా ఈ సంపూర్ణతనే కోరుతాయి. పాపం కాస్త తగ్గాలని ఎవరూ సంకల్పం చెప్పుకోరు. మరణించిన తిథిని ‘క్షయాహం’ అనడంలోనూ ఈ అంతిమార్థమే ఉంది.

‘లోకక్షయకృత్తు’ అనే సమాసం భగవద్గీత పదకొండవ అధ్యాయంలో కాలానికి విశేషణంగా వచ్చినది. క్షయ శబ్దానికి కృధాతువు చేరిన సమాసాల్లో తెలుగు పాఠకుడు ఎక్కువగా విన్నది ఇదే కావచ్చు. రసాయనశాస్త్రంలోని ‘క్షయకరణి’కి దీనితో ఉన్న చుట్టరికాన్ని పరిభాషాకారులు ఉద్దేశించి ఉండరు. అయినా ప్రతిధ్వని ఉన్నది.

పంచాంగం: పోని తిథి పోవడం

పైన చెప్పిన సంపూర్ణ నాశార్థంతో పంచాంగాన్ని చదివితే చిక్కు వస్తుంది. సూర్యచంద్రుల మధ్య దూరం పన్నెండు అంశలు పెరగడానికి పట్టే కాలం తిథి. దాని సగటు పరిమాణం 23 గంటల 37 నిమిషాలు. చంద్రగతి సమంగా ఉండదు కనుక ఒక్కో తిథి సుమారు 19 గంటల నుంచి 26 గంటలకు పైగా ఉంటుంది. సూర్యోదయ కాలంలో ఏ తిథి ఉంటే ఆ పేరు రోజుకు వస్తుంది. ఒక తిథి ఒకనాటి సూర్యోదయం తరువాత మొదలై మరునాటి సూర్యోదయానికి ముందే ముగిస్తే, దాని పేరు ఏ రోజుకూ రాదు. అదే తిథిక్షయం. సుమారు 354 రోజుల చాంద్రమాన సంవత్సరంలో 360 తిథులు గడవాలి కనుక, వృద్ధి తిథులను మించి క్షయ తిథులు ఉండటం గణితరీత్యా అనివార్యం.

ఇక్కడ క్షయమైనది ఏది? తిథి కాదు. అది ఆకాశంలో తన పన్నెండు అంశలనూ పూర్తిగా గడిపింది. శ్రాద్ధాదులకు అపరాహ్ణవ్యాప్తి ప్రమాణం కనుక, సూర్యోదయ స్పర్శ లేని ఆ తిథికి అపరాహ్ణంలో చేయవలసిన కర్మ యథావిధిగా జరుగుతుంది. పోయినది రోజుల వరుసలో దాని స్థానం మాత్రమే. క్షయమాసంలోనూ ఇదే వ్యవస్థ. ఒక చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడితే ఒక మాసనామం వరుసలోంచి జారిపోతుంది. ఇది మిక్కిలి అరుదు. గత శతాబ్దంలో 1963-64, 1982-83 సంవత్సరాల్లో వచ్చింది. ఆ ఏడాది చంద్రుడు ఒక మాసాన్ని తక్కువగా తిరగలేదు. తిరిగిన మాసాలకు పేర్లు కేటాయించే నియమం ఒక పేరును వదిలివేసింది.

అందువల్ల పంచాంగంలో క్షయం వస్తువుకు చెందినది కాదు, గణనకు చెందినది. కంసాలి తరుగుకూ, గణకుడి తరుగుదలకూ ఇది దగ్గర. దార్శనికుల క్షయం ఉన్నది లేకుండా పోవడం. జ్యోతిషికుల క్షయం ఉన్నది లెక్కకు రాకపోవడం. ఒకే శబ్దం ఈ రెంటినీ మోస్తున్నదన్న సంగతిని గుర్తించకపోవడమే ‘క్షయకరణం’పై వచ్చే ఆక్షేపణలకు మూలమని ముందు చూడగలం.

వైద్యం

ఆయుర్వేదం ఈ రెండర్థాలనూ పక్కపక్కనే వాడుకున్నది. వృద్ధి, సామ్యం, క్షయం అనే మూడు స్థితుల్లో క్షయం ఒక పరిమాణ స్థితి. చరకసంహిత సూత్రస్థానం దోషాలకు, ధాతువులకు, మలాలకు, ఓజస్సుకు కలిపి పద్దెనిమిది క్షయాలను లెక్కించింది. వీటిలో ఎక్కువ భాగం తగిన ఆహారౌషధాలతో సవరించదగినవి. అంతిమ నాశం కాదు. దీనికి భిన్నంగా రాజయక్ష్మకు పర్యాయంగా వాడిన క్షయం రోగనామం. శరీరంలోని రసాదులను శోషింపజేస్తుంది కనుక శోషమనీ, క్రియలను క్షయింపజేస్తుంది కనుక క్షయమనీ సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఆ పేర్లను వివరించింది. ఆ వివరణలో ‘క్షయకర’ శబ్దమే ఉండటం గమనింపదగినది. అంటే రోగాన్ని పేర్కొన్నది దాని స్వరూపాన్ని బట్టి కాదు, అది చేసే పనిని బట్టి. రఘువంశం చివరి సర్గలో అగ్నివర్ణుడు ఈ రోగంతోనే మరణిస్తాడు. మంత్రులు ఆ సంగతిని ప్రజలకు తెలియనివ్వరు. రోగాన్ని దాచడం, పేరు పలకకపోవడం అప్పటికే కథావస్తువు.

ఆధునిక కాలంలో తెలుగువారికి క్షయ అనగానే మొదట స్ఫురించేది ఈ రోగమే. 1882లో కోచ్ దానికి కారణమైన సూక్ష్మజీవిని ప్రకటించిన తరువాత కూడా పాత పేరే నిలిచింది. ఇప్పుడు ‘టీబీ’ అన్న పొడి అక్షరాలు ఆ పేరును చాలావరకు కప్పివేశాయి. మదనపల్లె సమీపంలో క్షయరోగుల కోసం 1910ల దశకంలో వెలసిన చికిత్సాలయం ఉన్న చోటు ‘ఆరోగ్యవరం’గా ప్రసిద్ధమైంది. రోగం పేరు పలకని ఊరిపేరు అది.

అక్షయం

పేరు పలకకపోవడం తెలుగు గృహభాషకు కొత్త కాదు. బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటారు. దీపం ఆరితే ‘కొండెక్కింది’ లేదా ‘ఘనమైంది’. మంగళసూత్రం తెగితే ‘పెరిగింది’. తగ్గుదలను పెరుగుదల మాటతో చెప్పడం ఇక్కడ నియమం. ప్రభవాది అరవై సంవత్సరాల్లో చివరిదానికి క్షయ అనీ, అక్షయ అనీ రెండు పేర్లు కనిపిస్తాయి. తెలుగు పంచాంగాల్లో స్థిరపడినది ‘అక్షయ’. చివరగా అది 1986-87లో వచ్చింది. అరవై ఏళ్ల చక్రం ముగిసే చోట ‘క్షయ’ అన్న పేరే సహజం. అయినా ఉగాది నాడు సంవత్సర ఫలం వినవచ్చినవారికి క్షయ నామాన్ని వినిపించడం కంటె ఒక అకారాన్ని చేర్చడం మేలని భావించి ఉంటారు. బియ్యం నిండుకున్నాయన్న ఇల్లాలి మాటకూ దీనికీ భేదం లేదు.

అక్షయ శబ్దం కూడా నిరపేక్షం కాదు. అరణ్యపర్వ కథలో సూర్యుడు ధర్మరాజుకు ఇచ్చిన పాత్ర నుంచి ఆనాటికి ద్రౌపది భోజనం ముగిసేవరకే అన్నం లభిస్తుంది. ఆమె తిన్న తరువాత అది ఖాళీ పాత్ర. దుర్వాసుడు శిష్యులతో వచ్చే ఘట్టానికి బిగువు ఆ పరిమితి వల్లనే వచ్చింది. అక్షయమంటే అనంతమని అర్థం చేసుకుంటే ఆ కథ నడవదు. ప్రతిదినం మొదటికి వచ్చే లెక్క అని అర్థం చేసుకుంటే నడుస్తుంది. ఇక్కడ కూడా శబ్దం గణన వైపే మొగ్గింది.

క్షయకరణం

1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యపుస్తకాలు విరివిగా వెలువడ్డాయి. ‘క్షయకరణం’ ఆ పుస్తకాల్లో నిలదొక్కుకున్న పదం. అది అనువదించే ఐరోపా పదానికి లాటిన్‌లో ‘వెనక్కి తీసుకొనిపోవడం’ అని మూలార్థం. ఖనిజం నుంచి లోహాన్ని తీయడమంటే లోహాన్ని దాని పూర్వస్థితికి మరల్చడమని పాత లోహకారుల భావన. ఆమ్లజని తొలగిపోవడం అనే నిర్వచనం తరువాత వచ్చింది. ఎలక్ట్రాన్ల గ్రహణం అనే నిర్వచనం ఇంకా తరువాతది. తెలుగు పదం మొదటి అర్థాన్ని పూర్తిగా వదిలి, రెండవదానిపై నిలిచి, మూడవదానికి సేవచేయవలసి వచ్చింది.

రెండవ నిర్వచనం వరకు ఇబ్బంది లేదు. నల్లని రాగి ఆక్సైడు 79.5 గ్రాములను హైడ్రోజన్ ప్రవాహంలో వేడిచేస్తే 63.5 గ్రాముల ఎర్రని రాగి మిగులుతుంది. తూకంలో తరుగు కంటికి కనిపిస్తుంది. క్షయ శబ్దం అన్వర్థం. చిక్కంతా సోడియం, క్లోరిన్ కలిసే చర్య దగ్గర. క్లోరిన్ ఒక ఎలక్ట్రానును పొందుతుంది. దాని నుంచి పోయినది ఏమీ లేదు. అయినా అది ‘ఎలక్ట్రానును గ్రహించి క్షయకరణం చెందింది’ అని రాయవలసి ఉంటుంది. ఈ వాక్యాన్ని వ్యాకరణ దృష్టితో చూడండి. గ్రహించడంలో క్లోరిన్ కర్త. చెందడంలో అదే ఫలాశ్రయం. సంపాదనను చెప్పే క్రియ, నష్టాన్ని చెప్పే నామం ఒకే కర్తకు అంటగట్టబడ్డాయి. బియ్యం నిండుకున్నాయన్న ఇంటిలో పెరిగిన పిల్లవాడికి తరగతిలో దీనికి సరిగ్గా విపర్యయం ఎదురవుతున్నది: నిండిన దానిని క్షయమంటున్నారు. తెలుగు మాధ్యమ విద్యార్థి ఈ పాఠాన్ని అర్థంతో కాక కంఠస్థంతో దాటడానికి అతని మందబుద్ధి కారణం కాదు.

పొరుగు భాషలు ఈ చిక్కును వేర్వేరు విధాల ఎదుర్కొన్నాయి. హిందీ ‘అపచయన’ శబ్దాన్ని ఎన్నుకొన్నది. అమరకోశం క్షయానికి చెప్పిన అర్థాల్లో ఒకటైన అపచయమే దీనికి ఆధారపదం. కనుక తెలుగు ఎదుర్కొంటున్న ఆక్షేపణే దానికీ వర్తిస్తుంది. మరాఠీ ‘క్షపణ’ అన్నది. క్షి ధాతువు ప్రేరణార్థకం నుంచి వచ్చిన ఈ పదానికి ‘కరణం’ అవసరం లేదు. పొదుపులో తెలుగు పదం కంటె ఇది మేలు. మలయాళం ‘నిరోక్సీకరణం’ అని ఆక్సీకరణానికి నిషేధం చేర్చింది. ఆమ్లజని లేని చర్యల్లో ఇది మన పదం కంటె ఎక్కువ తికమక పెడుతుంది. తమిళులు తమ దేశ్యక్రియ నుంచి ‘ఒడుక్కం’ తీసుకున్నారు. కన్నడం ‘అపకర్షణ’ అన్నది. కర్షణంలో లాగడం ఉంది కనుక, లాటిన్ మూలంలోని ‘వెనక్కి తీసుకొనిపోవడా’నికి వీటన్నింటిలో ఇదే సమీపం. మూలార్థాన్ని అనువదించడమే పరిభాష లక్ష్యమైతే కన్నడ పదానికే మొదటి స్థానం ఇవ్వాలి.

‘క్షయకరణం’ నిర్మాణంలో మరొక అసమత కూడా ఉంది. ఆక్సీకరణం అన్న రూపం శుద్ధీకరణం, న్యూనీకరణం వంటి చ్వి ప్రత్యయాంతాల పోకడలో ఉన్నది. అలా కానిదానిని అలా చేయడం అని చ్వికి అర్థం (పాణిని 5.4.50). ఆ పోకడనే పాటిస్తే దీని జంట క్షయీకరణం కావలసింది. కాలేదు. క్షయకరణం అంటే ఒకదానిని క్షయంగా మార్చడం కాదు, ఒకదానికి క్షయాన్ని చేయడం. జంటపదాలు జంటగా కనిపించకపోవడం పరిభాషలో చిన్న దోషమేమీ కాదు. అయితే ఈ రూపమే పదానికి ఒక రక్షణ కల్పించింది. క్షయీకరణమై ఉంటే క్లోరిన్ తానే క్షయం కావలసివచ్చేది. క్షయకరణంలో క్షయం దేనికి అన్న ప్రశ్న తెరిచే ఉంది.

ఆ ప్రశ్నకు సమాధానం పంచాంగం వైపు నుంచి వస్తుందని నా ప్రతిపాదన. రసాయనశాస్త్రజ్ఞులు ప్రతి పరమాణువుకు ఒక ఆక్సీకరణ సంఖ్యను కేటాయిస్తారు. అది తూచదగిన వస్తువు కాదు; నియమాలను అనుసరించి వేసే లెక్క. రాగి ఆక్సైడులో రాగికి ఆ సంఖ్య రెండు. లోహంగా మారినప్పుడు సున్న. క్లోరిన్ అణువులో క్లోరిన్‌కు సున్న. ఎలక్ట్రానును గ్రహించిన తరువాత రుణ ఒకటి. రెండు చర్యల్లోనూ సంఖ్య తగ్గింది. మొదటిదానిలో ఆమ్లజని పోయినా, రెండవదానిలో ఎలక్ట్రాన్ వచ్చినా, సమానంగా జరిగినది ఆక్సీకరణ సంఖ్యాక్షయం. ఆకాశంలో సంపూర్ణంగా గడిచిన తిథికి రోజుల లెక్కలో క్షయం ఎలా చెల్లుతున్నదో, ఎలక్ట్రానును అదనంగా పొందిన క్లోరిన్‌కు సంఖ్య లెక్కలో క్షయం అలాగే చెల్లుతుంది. పదాన్ని ఎన్నుకొన్నవారు ఆమ్లజని తరుగును ఉద్దేశించి ఉండవచ్చు. పదం మాత్రం వారి ఉద్దేశాన్ని మించిన అర్థానికి తగి ఉన్నది.

ఈ కారణంగా ‘క్షయకరణం’ మార్చదగిన పదమని నేను భావించను. మార్చవలసింది పాఠంలో నిర్వచనాల వరుస. ఆమ్లజని తొలగింపుతో మొదలుపెట్టి, ఎలక్ట్రాన్ల గ్రహణానికి వెళ్లి, ఆక్సీకరణ సంఖ్యను చివర చెప్పే పద్ధతి చారిత్రక క్రమాన్ని అనుసరిస్తుంది. తెలుగు పదాన్ని మాత్రం మధ్యలో అనాథగా వదిలివేస్తుంది. సంఖ్యను ముందుగా పరిచయం చేసి, ‘ఆక్సీకరణ సంఖ్యకు క్షయం కలిగించే చర్య క్షయకరణం’ అని విగ్రహవాక్యంగానే నిర్వచిస్తే, గ్రహించిన క్లోరిన్ క్షయకరణం చెందిందన్న వాక్యంలో విరోధం కనిపించదు. ‘క్షయకరణి’కి కూడా అప్పుడే అర్థం స్థిరపడుతుంది: ఎదుటి పదార్థం సంఖ్యను తగ్గిస్తూ, తన సంఖ్యను పెంచుకునేది. సోడియం చేసే పని అదే.